ఇంట్లో తిరమిసు: నీరు కారకుండా, ముక్క నిలిచేలా

తిరమిసు అంటే కాఫీలో ముంచిన బిస్కెట్లు, గుడ్డు సొన కలిపిన చీజ్ క్రీమ్ పొరలుగా పేర్చి చేసే ఇటలీ స్వీటు. అది పాడైందంటే నూటికి తొంభై పాళ్లు తడి వల్లే. బిస్కెట్ కాఫీని ఎక్కువగా పీల్చేసుకుంటుంది, లేదా చీజ్ విరిగి నీరు వదులుతుంది, అదీ కాకపోతే గుడ్డు సొన సరిగ్గా చిక్కబడక క్రీమ్ జారుగా ఉండిపోతుంది. మర్నాడు ట్రే పక్కకి వంచితే అడుగున గోధుమరంగు నీళ్లు కదులుతుంటాయి. అప్పటికీ రుచికి లోటుండదు. కానీ కోస్తే ముక్క నిలవదు, కప్పుల్లో వడ్డించి అందరికీ తలా ఒక చెంచా ఇవ్వాల్సిందే. అందుకని ఇక్కడ ప్రతి మెట్టు దగ్గరా తడి సంగతే ఎక్కువ మాట్లాడతాను. మిగతా పనికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు. అవెన్ వెలిగించే పని అసలే లేదు.

నేనుండేది ఇటలీ ఈశాన్యంలో, పాదువాలో. ఈ స్వీటు తనదని చెప్పుకునే త్రెవీజో ఊరు ఇక్కడికి దగ్గరే, రెండూ వెనెతో ప్రాంతంలోవే. మా కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ త్రెవీజో మనిషి. ఈ పద్ధతి చాలావరకు ఆవిడ వంటింట్లో నిలబడి చూసి నేర్చుకున్నదే. రెండు మూడు చోట్ల ఆవిడ ఒప్పుకోని మార్పులు చేసుకున్నాను. అవి వచ్చినప్పుడు చెబుతాను.

ఇటలీలో దీన్ని వందల ఏళ్ల నాటి వంటకం అనుకునేవాళ్లు కూడా ఉన్నారు గానీ, దీని వయసు చాలా తక్కువ. త్రెవీజోలోని 'లె బెక్కెరీయె' అనే రెస్టారెంట్‌లో 1970ల మొదట్లో ఇది మెనూలోకి ఎక్కింది. అప్పట్లో ఆ రెస్టారెంట్ అదో కంపెయోల్, ఆయన భార్య అల్బాలది. స్వీట్లు చేసే చెఫ్ రొబెర్తో లింగ్వనొత్తో. పక్కనున్న ఫ్రియూలి ప్రాంతం వాళ్లు మాత్రం 1950ల నుంచే తోల్మెత్సోలోని ఒక హోటల్లో ఇలాంటిది చేస్తున్నారని వాదిస్తారు. 2017లో ఇటలీ వ్యవసాయ శాఖ సంప్రదాయ ఆహారాల జాబితాలో దీన్ని ఫ్రియూలి పేరు మీద చేర్చేసరికి వెనెతోలో పెద్ద గొడవే అయింది. మా కింది ఫ్లాట్ ఆవిడ దగ్గర ఈ ప్రస్తావన తేకపోవడం మంచిది.

ఈ తగువులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. త్రెవీజో వాళ్లు తమదని చెప్పే అసలు కొలత ఇది: 12 పచ్చసొనలు, అర కిలో పంచదార, కిలో మస్కర్పోనే చీజ్, 60 సావోయార్ది బిస్కెట్లు, కాఫీ, కోకో పొడి. అంతే. మద్యం లేదు, తెల్లసొన లేదు, విప్పింగ్ క్రీమ్ లేదు, వెనీలా ఎసెన్స్ లేదు. వెనెతో ఇళ్లలో నీరసపడ్డవాళ్లకి పచ్చసొనలో పంచదార వేసి తెల్లబడేదాకా గిలక్కొట్టి పెట్టడం పాత అలవాటు. ఆ గిన్నెలోకి మస్కర్పోనే, కాఫీ వచ్చి చేరితే ఈ స్వీటు అయింది. ఇన్ని తక్కువ సామాన్లతో చేసేటప్పుడు ఒక్కటి నాసిరకమైనా నాలుకకి తెలిసిపోతుంది.

కావలసినవి, నా కొలతలో

ఆరు నుంచి ఎనిమిది మందికి సరిపోయేలా, ఇరవై సెంటీమీటర్ల చదరపు ట్రే, లోతు ఆరు సెంటీమీటర్లకి తగ్గకుండా ఉన్నది తీసుకోండి. గాజుదైతే పొరలు కనిపిస్తాయి, నీరు ఊరుతోందా లేదా అన్నదీ కనిపిస్తుంది. 500 గ్రాముల మస్కర్పోనే, 5 పచ్చసొనలు, 110 గ్రాముల పంచదార, 24 సావోయార్ది, 300 మి.లీ. చిక్కటి కాఫీ, రెండు పెద్ద చెంచాల తీపిలేని కోకో పొడి. పంచదార దగ్గర అసలు కొలతకి సగం కన్నా తక్కువే వేస్తున్నాను. బిస్కెట్ల మీద ఎలాగూ పంచదార అద్ది ఉంటుంది, అది చాలు.

మస్కర్పోనే లొంబార్దీ వైపు పుట్టిన చీజ్. చిక్కటి మీగడని వేడిచేసి, సిట్రిక్ యాసిడో నిమ్మరసమో వేసి, వడకట్టి తీస్తారు. దూడ కడుపులోంచి తీసి పాలు గట్టిపరచడానికి వేసే రెన్నెట్ వాడరు కాబట్టి శాకాహారులకి ఇబ్బంది లేదు. ఇక్కడ ఏ కిరాణా కొట్లోనైనా డబ్బాల్లో దొరుకుతుంది. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల పెద్ద సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో చూడండి. దొరక్కపోతే ఇంట్లో చేసుకోవచ్చు. అయితే మామూలుగా దొరికే ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్లలో కొవ్వు పాతిక శాతమే ఉంటుంది, దాంతో చేసింది జారుగానే వస్తుంది. 35 శాతం కొవ్వున్న డెయిరీ విప్పింగ్ క్రీమ్ లీటరు తెచ్చుకోండి. కేకుల మీద వేసే నాన్ డెయిరీ టాపింగ్ దీనికి పనికిరాదు. క్రీమ్ ఉన్న గిన్నెని మరుగుతున్న నీళ్ల గిన్నె మీద పెట్టి 85 డిగ్రీలకి తెచ్చి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం వేసి, అదే వేడిలో ఐదు నిమిషాలు మెల్లగా తిప్పాలి. పాలు విరిగినట్టు ముద్దలు ముద్దలుగా రాదు, కంగారు పడకండి. కాస్త చిక్కబడి చెంచాకి పట్టుకుంటుంది, అంతే. చల్లారాక పల్చటి పంచె గుడ్డ నాలుగు మడతలు వేసిన జల్లెడలో పోసి, కింద గిన్నె పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే నీరు దిగి చీజ్ మిగులుతుంది. తొందరపడి నాలుగు గంటలకే తీసేస్తే ఆ నీరంతా తర్వాత మీ ట్రేలోకే వస్తుంది. లీటరుకి అర కిలో పైనే చేతికొస్తుంది కాబట్టి కొలత సరిపోతుంది.

సావోయార్ది అంటే గుడ్డు, పంచదార, పిండితో చేసే పొడుగాటి తేలికపాటి బిస్కెట్లు. మన దగ్గర షాపుల్లో లేడీ ఫింగర్స్ అని అమ్ముతారు. విరిస్తే పెళుసుగా విరిగేవి కావాలి. సార్దీనియా రకం మెత్తగా, పెద్దగా ఉంటాయి, తినడానికి బాగుంటాయి గానీ కాఫీ ఇట్టే పీల్చేస్తాయి. మొదటిసారి చేసేవాళ్లు వాటి జోలికి పోవద్దు.

కాఫీ

ఇక్కడ ఇళ్లలో కాఫీ అంటే మోకా పాట్. అల్ఫోన్సో బియాలెత్తి 1933లో తెచ్చిన ఆ ఎనిమిది పలకల అల్యూమినియం పాత్ర లేని వంటిల్లు నేనైతే పాదువాలో చూడలేదు. కింది భాగంలో వాల్వు వరకే నీళ్లు, పైన బుట్టలో పొడి నింపి నొక్కకుండా సమం చేసి, సన్నటి సెగ మీద పెట్టాలి. గరగరమని చప్పుడు మొదలవగానే దించేయాలి. అప్పటిదాకా వచ్చిందే కాఫీ, ఆ తర్వాత వచ్చేది చేదు. ఆరు కప్పుల పాట్ ఒక్కసారి పెడితే 300 మి.లీ.కి అటూ ఇటుగా వస్తుంది.

మోకా లేనివాళ్లు ఫిల్టర్ డికాక్షన్ హాయిగా వాడుకోవచ్చు, ఒక్క షరతు మీద: పొడిలో చికరీ ఉండకూడదు. పాలు కలిపి తాగేటప్పుడు చికరీ బాగుంటుంది. ఇక్కడ పాలు లేవు కదా, మస్కర్పోనే కొవ్వు మీద ఆ మాడు చేదు విడిగా నాలుకకి తగులుతూనే ఉంటుంది. ప్యాకెట్ మీద వంద శాతం కాఫీ అని ఉన్నది చూసి కొనండి. సెలవులకి వచ్చినప్పుడు నేను అరకు అరబికా పొడి పట్టుకెళ్తుంటాను. దాంతో చేసిన తిరమిసు మా పెద్దావిడకి కూడా నచ్చింది, కాకపోతే కాఫీ కాస్త పుల్లగా ఉందని ఒక మాట అనకుండా ఉండలేకపోయింది. ఏదీ లేకపోతే 300 మి.లీ. వేడినీళ్లలో మూడు పెద్ద చెంచాల ఇన్‌స్టంట్ పొడి. పని జరిగిపోతుంది.

కాఫీలో పంచదార వేయను. పూర్తిగా చల్లారనివ్వండి. వేడి కాఫీలో పెడితే బిస్కెట్ రెండు సెకన్లలో చేతిలోనే జావయిపోతుంది. మార్సాలా అనే సిసిలీ వైన్ రెండు చెంచాలు కాఫీలో కలిపే ఇళ్లు ఇక్కడ బోలెడు. మా ఇంట్లో పిల్లలు తింటారు కాబట్టి వేయం. అసలు రెసిపీలోనే లేదు కాబట్టి వేయలేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

పచ్చసొన

మొదటి పేచీ ఇక్కడే. పెద్దావిడ పచ్చసొన పచ్చిదే వాడుతుంది. గుడ్డు చేతిలోకి తీసుకుని పెంకు మీది ముద్ర చదువుతుంది. ఇక్కడ ప్రతి గుడ్డు మీదా కోడ్ ఉంటుంది, మొదటి అంకె కోడిని ఎలా పెంచారో చెబుతుంది: 0 అయితే ఆర్గానిక్, 1 అయితే ఆరుబయట తిరిగినది, 2 అయితే షెడ్డులో వదిలినది, 3 అయితే పంజరం. ఆవిడ 3 ముట్టదు. అయినా ఆ అంకెకీ, పచ్చి గుడ్డు వల్ల రోగం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియాకీ సంబంధం లేదు. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు తినేదైతే పచ్చిసొన పెట్టే ధైర్యం నాకు లేదు. సొనని వేడిచేస్తాను. దీనివల్ల ఇంకో లాభం, క్రీమ్ చిక్కగా వస్తుంది, మర్నాటికి నీరు వదలదు.

వెడల్పాటి గిన్నెలో మూడు వేళ్ల లోతు నీళ్లు మరిగించి సెగ తగ్గించండి. దాని మీద కూర్చునే స్టీలు గిన్నెలో 5 పచ్చసొనలు, పంచదార, ఒక పెద్ద చెంచా నీళ్లు వేయండి. పై గిన్నె అడుగు నీళ్లకి తగలకూడదు, ఆవిరి తగిలితే చాలు. సొన మీద పంచదార వేసి వదిలేసి ఫోన్ చూసుకుంటే కుదరదు. పంచదార సొనలోని తడిని లాగేసి చిన్న చిన్న పలుకులు కట్టేస్తుంది, అవి తర్వాత ఎంత గిలక్కొట్టినా కరగవు. వేసిన వెంటనే విస్క్ తిప్పడం మొదలుపెట్టండి.

ఎనిమిది నుంచి పది నిమిషాలు ఆపకుండా తిప్పాలి. ముందు నారింజ రంగులో పల్చగా ఉంటుంది, తర్వాత నురగ కట్టి లేత పసుపులోకి మారుతుంది, ఆ తర్వాత నురగ బుడగలు సన్నబడి విస్క్‌కి బరువు తగులుతుంది. థర్మామీటర్ ఉంటే 72 నుంచి 75 డిగ్రీల మధ్య దించేయండి. 80 దాటనిస్తే గిన్నె అంచుల్లో గుడ్డు ఉడికి పొరుటు అవుతుంది. థర్మామీటర్ లేదంటే ఒకటి కొనుక్కోమనే చెబుతాను, ఈ ఒక్క విషయంలో కంటి అంచనా మీద నాకు నమ్మకం లేదు.

దించాక గిన్నెని చన్నీళ్ల పళ్లెంలో పెట్టి, పూర్తిగా చల్లబడేదాకా బీటర్‌తో గిలక్కొట్టండి. విస్క్ పైకెత్తితే జారిన సొన గీతలాగా పైనే నిలిచి, మూడు నాలుగు సెకన్లకి గానీ కలిసిపోకూడదు. చెయ్యి పెట్టి చూస్తే గిన్నె ఏమాత్రం వెచ్చగా ఉండకూడదు. వెచ్చటి సొనలో చీజ్ వేస్తే అది కరిగి, ఎన్ని గంటలు ఫ్రిజ్‌లో పెట్టినా మళ్లీ గట్టిపడదు.

చీజ్ కలపడం

మస్కర్పోనే డబ్బాని ఇరవై నిమిషాల ముందు బయట పెట్టండి. మూత తీయగానే పైన తేలిన పల్చటి నీళ్లు వంచేయండి, కలిపేయకండి. వేరే గిన్నెలో వేసి రబ్బరు స్పాచులాతో నాలుగైదు సార్లు నలిపితే మెత్తబడుతుంది. ఇక్కడ బీటర్ వాడొద్దు. ఇందులో కొవ్వు నలభై శాతం పైమాటే. కవ్వంతో చిలికితే మజ్జిగలోంచి వెన్న విడిపోయినట్టే, బీటర్ దెబ్బలకి ఇందులోనూ కొవ్వు ముద్దకట్టి నీరు వేరవుతుంది. గరుకుగా రవ్వ రవ్వగా కనిపించడం మొదలైతే అప్పుడే ఆపేయండి. ఒక చెంచా చల్లటి విప్పింగ్ క్రీమ్ వేసి స్పాచులాతో మెల్లగా కలిపితే కొన్నిసార్లు దారికొస్తుంది. పూర్తిగా విరిగితే మాత్రం దాన్ని దేంట్లోనైనా వేసుకుని తినేయడమే.

సొనలో మూడో వంతు ముందు చీజ్‌లో వేసి కలపండి, అది కాస్త పల్చబడుతుంది. తర్వాత మిగతా సొన రెండు విడతల్లో వేస్తూ, స్పాచులాని గిన్నె అడుగునుంచి పైకి తెచ్చి మడిచినట్టు కలపాలి. తెల్లటి చారలు పోగానే చాలు. ఇటలీ ఇళ్లలో చాలామంది ఇక్కడ తెల్లసొన నురగ కూడా కలుపుతారు, క్రీమ్ తేలిగ్గా అవుతుంది. నేను కలపను. పచ్చి తెల్లసొన భయం ఒకటైతే, ఆ నురగ మర్నాటికి కూలి నీరు దించుతుంది. ఇది రెండో పేచీ. తేలిగ్గా కావాలనుకుంటే 100 మి.లీ. విప్పింగ్ క్రీమ్ మెత్తగా గిలక్కొట్టి చివర్లో కలుపుతాను. త్రెవీజోలో చెప్పకండి.

గుడ్డు తినని ఇంట్లో అయితే సొన మానేసి, 300 మి.లీ. విప్పింగ్ క్రీమ్‌ని 70 గ్రాముల పంచదార పొడితో గట్టిపడేదాకా గిలక్కొట్టి చీజ్‌లో కలిపేయొచ్చు. క్రీమ్ బాగానే వస్తుంది. కానీ సావోయార్దిలోనూ గుడ్డుంటుంది, ఈ మాట చాలా వీడియోల్లో చెప్పరు. ఎగ్‌లెస్ స్పాంజ్ కేక్‌ని వేలెడు ముక్కలు కోసి, తక్కువ వేడి అవెన్‌లో పెళుసుగా అయ్యేదాకా ఆరబెట్టి వాడండి. యాలకుల రస్కులు మాత్రం వద్దు, కాఫీని మింగేస్తాయి.

ముంచడం

అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సింది ఇదే. కాఫీని లోతు గిన్నెలో పోయకండి. అంచున్న వెడల్పాటి పళ్లెంలో కొంచెం కొంచెంగా పోసుకోండి, బిస్కెట్ పడుకోబెడితే సగం ఎత్తుకి మించి మునగకూడదు. బోర్లా పెట్టి ఒకటి అనగానే తిప్పి, రెండు అనగానే తీసేయాలి. కారుతున్న చుక్క పళ్లెం అంచుకి తుడిచి ట్రేలో పెట్టాలి. మొదటి బిస్కెట్‌ని బలి ఇవ్వండి: ముంచి, పది సెకన్లు ఆగి, మధ్యకి విరిచి చూడండి. చుట్టూ గోధుమరంగు పట్టి, నడిమధ్యలో సన్నటి తెల్లగీత పొడిగా మిగిలి ఉండాలి. ఆ పొడి భాగమే రాత్రికి క్రీమ్‌లోని తడిని లాక్కుని మెత్తబడుతుంది. ఇప్పుడే అంతా తడిసిపోతే ఆ తడికి వేరే చోటుండదు, అడుగుకే దిగుతుంది. మొత్తం తడిసి ఉంటే తర్వాతివాటికి ఒక్క సెకను చాలు, మధ్యలో కరకరలాడుతుంటే మూడు సెకన్లు ఉంచండి. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఇక్కడ రాసిన సెకన్ల కన్నా విరిచి చూసిన ముక్కనే నమ్మండి.

ఇంకో లెక్క కూడా ఉంది. 24 బిస్కెట్లు అయ్యేసరికి 300 మి.లీ. కాఫీలో కనీసం పాతిక శాతం పళ్లెంలో మిగలాలి. కాఫీ చాల్లేదు, ఇంకో పాట్ పెట్టాలి అనిపించిందంటే ఎక్కువ ముంచేశారన్నమాట. మిగిలినది వృథా పోతుందని చివరి పొర మీద చల్లే పొదుపరులున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

పేర్చడం, ఆగడం

ట్రే అడుగున ముందు ఒక చెంచా క్రీమ్ పల్చగా రాస్తే బిస్కెట్లు జారవు. 12 బిస్కెట్లు పక్కపక్కన దగ్గరగా పెట్టి, ఖాళీల్లో విరిచిన ముక్కలు ఇరికించండి. సగం క్రీమ్ వేసి మూలలదాకా పరచండి. రెండో పొర బిస్కెట్లు మొదటివాటికి అడ్డంగా పెడితే కోసేటప్పుడు ముక్క విడిపోదు. మిగతా క్రీమ్ పైన వేసి, ట్రేని బల్ల మీద మెత్తగా రెండుసార్లు తడితే లోపలి గాలి బయటికొస్తుంది.

కోకో ఇప్పుడే చల్లకండి. క్రీమ్‌కి తగలకుండా మూతో ఫిల్మో కప్పి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆరు గంటలు కనీసం, రాత్రంతా అయితే మరీ మంచిది. ఇక్కడివాళ్లు ఆదివారం భోజనానికి శనివారం సాయంత్రమే చేసి పెట్టుకుంటారు. వాసన గట్టిగా ఉన్న కూరలేవైనా ఫ్రిజ్‌లో ఉంటే వాటికి కూడా మూతలు పెట్టండి. చీజ్‌లోని కొవ్వు వాసనల్ని పీల్చుకుంటుంది, ఉల్లిపాయ వాసనొచ్చే తిరమిసు ఎవరికీ నచ్చదు.

వడ్డించే పది నిమిషాల ముందు టీ జల్లెడలో కోకో వేసి, ఎత్తునుంచి పల్చగా ఒకసారి, రెండు నిమిషాలు ఆగి మరోసారి చల్లండి. ముందే చల్లితే తడి పీల్చి నల్లటి మరకలు పడుతుంది. తినేటప్పుడు పొడి ఎగిరి గొంతులోకి పోయేంత మందంగా కూడా వద్దు. చాకుని వేడినీళ్లలో ముంచి తుడిచి, ప్రతి కోతకీ అలాగే చేస్తూ నేరుగా కిందికి దించండి, రంపంలా లాగొద్దు. మొదటి ముక్క ఎవరు తీసినా వంకరగానే వస్తుంది, అది వంట చేసినవాళ్ల వాటా.

సొన వేడిచేసి చేసినది ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఆగుతుంది, పచ్చిసొనతో చేసినదైతే మర్నాటికి అయిపోవాలి. మన ఎండాకాలంలో బయట పావుగంటకి మించి ఉంచకండి. ఎవరింటికైనా పట్టుకెళ్లాలంటే ముందురోజు ఫ్రీజర్‌లో గట్టిపరిచి తీసుకెళ్లండి, అక్కడ ఫ్రిజ్‌లో నాలుగైదు గంటల్లో మామూలవుతుంది. కోకో పొట్లం వేరే పట్టుకెళ్లడం మర్చిపోవద్దు.

ఐదు తెల్లసొనలు మిగులుతాయి. మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజుల్లోపు వాడేయొచ్చు. మా ఇంట్లో అయితే మర్నాడు పొద్దున్నే పచ్చిమిర్చి, ఉల్లిపాయలు వేసి అట్టు పోసేస్తాం.